మాట వెనక మాట: యాతన అంటే శిక్షా, బాధా?

ప్రశ్న: మా అమ్మ ఏడాదికి పైగా మంచం మీదే ఉంది, పక్షవాతం. మొన్న చూడ్డానికొచ్చిన బంధువొకావిడ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ "ఏ జన్మలో ఏం పాపం చేసుకుందో, ఈ యాతన అనుభవిస్తోంది" అనేసి వెళ్ళింది. జాలిపడే అని ఉంటుంది గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఏదో హిందీ న్యూస్‌లో లాకప్‌లో కొట్టడాన్ని 'యాతన' అనడం విన్నాను. అసలు యాతన అంటే శిక్షా, బాధా? శిక్షే అయితే నేను కూడా ఇన్నాళ్ళూ "అమ్మ యాతన చూడలేకపోతున్నా" అని అందరితో అంటున్నానే, అంటే అమ్మని దోషిని చేసినట్టేనా?
— పేరు వేయొద్దన్న పాఠకురాలు

జవాబు: కాదండీ, మీరు ఎవర్నీ దోషిని చేయలేదు. ఇవాళ్టి తెలుగులో యాతన అంటే బాధ, అదీ ఒక పట్టాన వదలని బాధ, అంతే. కాకపోతే మీ చెవికి ముల్లులా తగిలింది చూశారూ, అది ఊరికే తగల్లేదు, ఆ మాటకి ఒకప్పుడు నిజంగానే శిక్ష అన్న అర్థం ఉండేది. ఆ కథ కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

సంస్కృతంలో యత్ అని ఒక ధాతువు, అంటే మాటలు పుట్టే వేరు, ఉంది. యత్నం, ప్రయత్నం ఇవన్నీ దాని పిల్లలే. దాన్నే 'చేయించు' అనే రూపంలోకి మారిస్తే (వ్యాకరణంలో ప్రేరణం అంటారు) యాతయతి అవుతుంది, అప్పుడు అర్థం కూడా పక్కకి జరిగి 'తిరిగి ఇచ్చు, బదులు తీర్చు, లెక్క సరిచేయి' దాకా వెళ్తుంది. అమరకోశం అని పద్యాల్లో ఉన్న పాత సంస్కృత నిఘంటువుంది, అందులో అమరసింహుడు పగ తీర్చుకోడానికి ఉన్న మాటలు చెప్తూ "వైరశుద్ధిః ప్రతీకారో వైరనిర్యాతనం చ సా" అంటాడు. ఆ నిర్యాతనం అన్న మాటనే, మన దగ్గర ఎవరో దాచుకున్న సొమ్ము వాళ్ళకి తిరిగి అప్పజెప్పడానికి కూడా వాడారు, అప్పు తీర్చడానికీ వాడారు. అంటే మొదట్లో ఇందులో నొప్పీ లేదు ఏడుపూ లేదు, ఉన్నదల్లా బాకీ. నువ్వు చేసినదానికి నీకు తిరిగొచ్చేది ఏదో అది యాతన. ఆ తిరిగిచ్చే డ్యూటీ యముడి చేతికి వెళ్ళాక అది నరకంలో వేసే శిక్ష అయి కూర్చుంది.

పురాణాల్లో దీన్ని ఎంత లెక్కగా పెట్టుకున్నారంటే, భాగవతం పంచమ స్కంధంలో ఆఖరి అధ్యాయం, 26వది, మొత్తం 28 నరకాల పట్టికే. ఏ తప్పుకి ఏ యాతనో వరసగా ఉంటుంది. ఇంకొకరి సొమ్ముని, పెళ్ళాన్ని, పిల్లల్ని ఎత్తుకుపోయినవాడికి తామిస్రం. పశువుల్ని పక్షుల్ని ప్రాణంతో ఉండగానే వండుకు తిన్నవాడికి కుంభీపాకం, అక్కడ మరుగుతున్న నూనె. నాకు అన్నిట్లోకీ గుర్తుండిపోయింది సూచీముఖం, అది డబ్బు పోగేసి దాని మీద భూతంలా కాపలా కూర్చునేవాడికి, అక్కడ యమభటులు నేతగాళ్ళలాగా వాడి ఒళ్ళంతా దారాలతో కుట్టేస్తారట. మరి చచ్చిపోయినవాడికి ఒళ్ళెక్కడిది అని డౌట్ రావాలి కదా, వాళ్ళకీ వచ్చింది. మనుస్మృతి 12వ అధ్యాయంలో దానికీ జవాబుంది, పాపం చేసినవాళ్ళకి చచ్చాక పంచభూతాల అంశల్లోంచి ఇంకో గట్టి శరీరం పుడుతుంది, అది 'యాతనార్థీయం', అంటే యాతన పడటం కోసమే తయారైన ఒళ్ళు. శిక్ష వెయ్యడానికి ఒళ్ళు లేకపోతే ఒళ్ళు ఇచ్చి మరీ వేస్తారన్నమాట, ఈ ఏర్పాటు చదివినప్పుడల్లా నాకు భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువేస్తుంది.

సరే, ఇంత శిక్షాకాండలో ఉన్న మాట ఉత్త బాధగా ఎలా మారింది అంటే, మళ్ళీ అమరకోశానికే రావాలి. అందులో మొదటి కాండలో నరకవర్గం అని ఒక చిన్న భాగముంది. ముందు నరకం పేర్లు, తర్వాత వైతరణి, ఆ తర్వాత "కారణా తు యాతనా తీవ్రవేదనా" అని ఒక ముక్క, వెంటనే ఊపిరి తీసుకోకుండా "పీడా బాధా వ్యథా దుఃఖం" అని ఇంకో ముక్క, ఆ వెనకే "స్యాత్ కష్టం కృచ్ఛ్రమాభీలం". చూశారా, మనం రోజూ నోటితో పలికే బాధ, దుఃఖం, కష్టం అన్నీ కూడా నరకం చాప్టర్లోనే కాపురం ఉన్నాయి, నరకంలోంచి యాతన, యాతన పక్కన బాధ, బాధ పక్కన కష్టం, గోడకి గోడ ఆనుకుని. శిక్ష పేరు నెమ్మదిగా శిక్ష వల్ల కలిగే నొప్పి పేరుగా మారడం ఆ రెండు మూడు పాదాల్లోనే కళ్ళకి కట్టినట్టు కనబడుతుంది. వీటిలో కష్టం ఇంకా దూరం వచ్చేసింది, 'కష్టపడి చదివాడు' అంటే మనకిప్పుడు మెచ్చుకోలు.

ఇది మన ఒక్కళ్ళ సంగతే అనుకోకండి. ఇంగ్లీషు వాడి పెయిన్ ఉంది కదా, మనం పెయిన్ కిల్లర్ అంటూ మింగుతుంటామే, అది లాటిన్‌లో పీనా అన్న మాట నుంచి వచ్చింది, దాని అర్థం జరిమానా, శిక్ష. దానికి ముందు గ్రీకులో పొయినే అంటే చంపినందుకు, చేసిన నష్టానికి కట్టే పరిహారం. అదే ఇంట్లోంచి పెనాల్టీ, పీనల్ కోడ్, కోర్టు వాళ్ళు పంపే సబ్‌పీనా కూడా. అక్కడా అదే దారి, ముందు బాకీ, తర్వాత శిక్ష, చివరికి నడుం నొప్పి. ఇంతకీ మీ అమ్మగారి జబ్బుకి ఇంగ్లీషులో స్ట్రోక్ అంటారు కదా, స్ట్రోక్ అంటే దెబ్బ, కొన్ని వందల ఏళ్ళ కిందట దాన్ని 'దేవుడి చేతి దెబ్బ' అనే అర్థంతోనే అనేవాళ్ళు. ఇప్పుడు న్యూరాలజిస్టు స్ట్రోక్ అని చీటీ మీద రాస్తే మెదడుకి రక్తం అందలేదనో, లోపల రక్తనాళం చిట్లిందనో అర్థం, ఏ దేవుడి మీదా ఫిర్యాదు కాదు. మన పక్షవాతం అన్న పేరు ఇంకా నయం, పక్షం అంటే ఒక వైపు, వాతం అంటే శరీరంలో గాలి, అందులో దెబ్బా లేదు, కొట్టినవాడూ లేడు.

ఇక తెలుగు సంగతి. హిందీలో యాతన ఇప్పటికీ కొంచెం పాత వాసనతోనే ఉంది, ఎవరో పనిగట్టుకుని పెట్టే హింస అని, అందుకే నాజీల కాన్సంట్రేషన్ క్యాంపులకి వాళ్ళు 'యాతనా శివిర్' అంటారు. బెంగాలీలో నిర్యాతన్ అంటే వేధింపు, హింస. మనం మాత్రం ఆ పనికి చిత్రహింసలు అనే మాట వేరే పెట్టుకుని, యాతనని పూర్తిగా పడేవాడి వైపు లాగేసుకున్నాం. ఇది నేను ఊహించి చెప్పట్లేదు, వాక్యం కట్టి చూడండి మీకే తెలుస్తుంది. "వాడికి శిక్ష పడింది" అంటాం, అక్కడ పడింది శిక్ష, వాడికి 'కి' తగిలింది. "వాడు యాతన పడ్డాడు" అంటాం, అక్కడ పడ్డది మనిషి. వాడికి యాతన పడింది అని ఎవరైనా అంటారా? అనరు. పైనుంచి ఒకరు వేస్తే వచ్చి పడేవి ఒక రకం, మనిషే లోపల పడేవి ఇంకో రకం, రెండిటికీ పడు అన్న క్రియే గానీ దారి వేరు. బాధపడు, కష్టపడు, దిగులుపడు, భయపడు, యాతనపడు, ఇదంతా ఒక జట్టు. శిక్ష, జరిమానా, దెబ్బ, ముద్ర, ఇవి వచ్చి పడతాయి, ఇదంతా ఇంకో జట్టు. యాతన ఏ జట్టులో ఉందో మన నాలిక్కి ఎప్పుడో తెలుసు, డిక్షనరీ చూడక్కర్లేదు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతా, నిజానికి ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చా. మనం ఎవరైనా ఇబ్బందుల్లో ఉంటే ఏమంటాం? "అయ్యో పాపం, నానా యాతన పడుతున్నాడు" అంటాం. ఆ వాక్యంలో పాపం అంటే ఒకప్పుడు నేరం, యాతన అంటే ఆ నేరానికి శిక్ష. ఒకే వాక్యంలో నేరమూ ఉంది శిక్షా ఉంది, కానీ వినేవాళ్ళకి రెండూ వినబడవు, వినబడేది జాలి. పాపం అన్న మాటని నేరస్తుడి మీంచి తీసి బాధపడేవాడి నెత్తిన చెయ్యి వేసినట్టు వాడుకున్నాం, మనమే కాదు కన్నడం వాళ్ళూ, తమిళం, మలయాళం వాళ్ళూ అంతే. "పాపం పసిపిల్ల" అంటాం, ఆ పసిపిల్ల ఏ పాపం చేసిందట!

ఇప్పుడు మీ బంధువు అన్న మాటని మళ్ళీ చూడండి. ఆవిడ "పాపం, యాతన పడుతోంది" అని ఉంటే మీకు రాత్రి నిద్ర పట్టేది. ఆవిడ పాపం పక్కన 'చేసుకుందో' అని ఒక క్రియ తగిలించింది, యాతన పక్కన 'పడుతోంది' బదులు 'అనుభవిస్తోంది' పెట్టింది. చేసుకోవడం, అనుభవించడం, ఆ రెండు క్రియలూ వచ్చేసరికి వందల ఏళ్ళుగా నిద్రపోతున్న పాత అర్థాలు రెండూ లేచి కూర్చున్నాయి. ముల్లు ఉన్నది ఆ క్రియల్లో, యాతనలో కాదు. ఆవిడకి ఇంత వ్యాకరణం తెలిసి అన్లేదులెండి, నోటికి అలవాటైన మాట అనేసి చెప్పులేసుకుని పోయింది. మీరు మాత్రం "అమ్మ యాతన చూడలేకపోతున్నా" అని నిస్సందేహంగా అనండి, అది శుద్ధమైన తెలుగు.

ప్రశ్న: నేను ఒక పేపర్లో ట్రైనీని. "దోషికి కోర్టు పదేళ్ళ కఠిన యాతన విధించింది" అని రాస్తే మా డెస్క్‌లో సీనియర్ అందరి ముందూ చదివి నవ్వాడు. కారాగారం అని ప్రతిసారీ రాసి విసుగొచ్చి కొత్తగా రాద్దామనుకున్నా. సంస్కృతంలో శిక్ష అనే అర్థం ఉందని ఇంటికెళ్ళి చూసుకున్నాను కూడా. తప్పెవరిది?

జవాబు: మీదే. నవ్విన పద్ధతి బాలేదు గానీ ఆయన దిద్దింది కరెక్టు. పైన చెప్పిన పడు లెక్కతో పాటు, కోర్టు మాటలకి ఇంకో లెక్కుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 4వ సెక్షన్ ఏమేం శిక్షలు వెయ్యొచ్చో ఆరు చెప్తుంది: మరణశిక్ష, యావజ్జీవ కారాగారం, మామూలు జైలు (కఠినం, సాధారణం రెండూ అందులోనే), ఆస్తి జప్తు, జరిమానా, కొత్తగా చేర్చిన సమాజ సేవ. జడ్జి గారు ఎంత కోపంగా ఉన్నా ఏడోది వేయలేరు. యాతన విధించారు అని రాస్తే లేని అధికారం ఆయనకి మీరు కట్టబెట్టినట్టవుతుంది.

అసలు శిక్ష ఎక్కడ ఆగుతుంది యాతన ఎక్కడ మొదలవుతుంది అన్నది మాటల పేచీ మాత్రమే కాదు. చిత్రహింసలకి వ్యతిరేకంగా 1984లో ఐక్యరాజ్య సమితి చేసిన ఒప్పందం మొదటి ఆర్టికల్లోనే ఈ గీత గీశారు. ప్రభుత్వం తరఫు మనిషి కావాలని, ఒప్పుకోలు రాబట్టడానికో దండించడానికో బెదిరించడానికో తీవ్రమైన బాధ పెడితే అది చిత్రహింస, చట్టప్రకారం వేసిన శిక్షలో సహజంగా ఉండే బాధ మాత్రం ఆ లెక్కలోకి రాదు అని. అంటే ప్రపంచం మొత్తం కూర్చుని శిక్షలో బాధ ఉంటుంది, కానీ బాధ పెట్టడమే శిక్ష కాదు అని తేల్చుకోవాల్సి వచ్చింది. (మన దేశం ఆ ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టింది, ధ్రువీకరించడం మాత్రం వేరే సంగతి, అది ఇప్పటికీ అవ్వలేదు.) ఈ తేడా మీ వార్తలో ఒక్క మాటతో చెరిగిపోతే ఎలా?

విసుగొస్తే 'పదేళ్ళ జైలు' అని రాయండి. పొట్టిగా ఉంటుంది, అందరికీ అర్థమవుతుంది.

ప్రశ్న: హిందీలో శిక్షా అంటే చదువు. మనకి శిక్ష అంటే దండన. ఇద్దరూ ఒకే సంస్కృతం నుంచి తెచ్చుకుని ఇంత రివర్స్ ఎందుకు? స్కూల్ గోడ మీద 'సమగ్ర శిక్ష' అని చూసి మా అబ్బాయి "అంటే అందరికీ కొడతారా" అని అడిగాడు.

జవాబు: మీ అబ్బాయికి పెద్దయ్యాక ఈ శీర్షిక అప్పజెప్పేస్తాను.

సంస్కృతంలో శిక్ష అంటే చదువే, నేర్చుకోవడమే. శక్ అనే ధాతువుకి 'చేయగలగడం' అని అర్థం, శక్తి వచ్చింది అక్కణ్నుంచే, దానికి కోరిక కలిపితే శిక్ష, అంటే చేతనవ్వాలని ప్రయత్నించడం. ఎంత మంచి మాట అసలు. వేదాంగాలు ఆరింటిలో ఒకటి శిక్ష, అది పలకడం ఎలాగో నేర్పే శాస్త్రం, తైత్తిరీయ ఉపనిషత్తులో శీక్షావల్లి అని ఒక భాగమే ఉంది, వర్ణం, స్వరం, మాత్ర అంటూ మొదలవుతుంది. హిందీ వాళ్ళు ఆ అర్థాన్ని అలాగే ఉంచుకున్నారు, 2020లో కేంద్రంలో మానవ వనరుల శాఖ పేరు మార్చినప్పుడు శిక్షా మంత్రాలయ్ అన్నారు, మన పేపర్లు తూచా తప్పకుండా 'విద్యా శాఖ' అని రాశాయి, ఎందుకు రాశాయో చెప్పక్కర్లేదు. సమగ్ర శిక్ష 2018లో వచ్చిన కేంద్ర పథకం పేరు, పథకం పేర్లని తర్జుమా చెయ్యకుండా అలాగే దించుకుంటారు కాబట్టి మన గోడల మీద అది 'మొత్తంగా దండన' లాగా చదవబడుతోంది.

రివర్స్ అయ్యింది మనమొక్కళ్ళమే కాదు. కన్నడంలో శిక్షె, మలయాళంలో శిక్ష, మరాఠీలో శిక్షా, అన్నీ దండనే. వాళ్ళూ మనలాగే చదువుకి ఒక 'ణ' తగిలించి విడదీసుకున్నారు, కన్నడం మరాఠీల్లో శిక్షణ అంటే చదువు, మనకి శిక్షణ అంటే ట్రైనింగ్. నేర్పడానికీ కొట్టడానికీ మధ్య ఇంత దగ్గర దారి ఎందుకుందో బెత్తం ఉన్న క్లాసులో కూర్చున్న ఎవరికైనా తెలుసు. దండం దశగుణం భవేత్ అని సంస్కృతంలో చెప్పి మరీ వీపు వాయించేవాళ్ళు. మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి, 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. గోడ మీద ఏమున్నా సరే.

ప్రశ్న: యాతన అన్న మాట 'ఏతం' నుంచి వచ్చిందని మా తాతగారు చెప్పేవారు. పొలానికి నీళ్ళు తోడే ఏతం తొక్కడం చాలా కష్టం కాబట్టి ఆ కష్టమే యాతన అయిందట. నిజమేనా?

జవాబు: తాతగారి మీద గౌరవంతో చెప్తున్నా, కాదు. ఏతం మన ద్రావిడ మాట, తమిళంలో ఏట్రం, ఎక్కడం అన్న అర్థం ఉన్న ఏఱు అనే క్రియకి చుట్టం. ఏతం మాను మీద మనిషి ముందుకీ వెనక్కీ నడుస్తూ ఎక్కి దిగుతుంటాడు కదా, అందుకని. యాతన సంగతి పైన చెప్పాను. కొన్నిచోట్ల ఏతాన్ని యాతం అని పలుకుతారు, దాంతో చెవికి రెండూ కలిసిపోయి ఉంటాయి. కానీ తొక్కినవాళ్ళు పుట్టించిన వ్యుత్పత్తి కాబట్టి దానికుండే విలువ దానికుంది, శాస్త్రం ఒప్పుకోకపోయినా ఒళ్ళు ఒప్పుకుంటుంది.

ప్రశ్న: "తగిన శాస్తి జరిగింది" అంటాం. ఈ శాస్తికీ శాస్త్రి గారికీ ఏమైనా సంబంధం ఉందా? అలాగే దండం పెట్టడానికీ దండనకీ, దండగకీ? సరదాకి అడుగుతున్నా.

జవాబు: సరదాకే చెప్తా, ఉంది. శాస్ అనే ధాతువుకి ఆజ్ఞాపించు, దిద్దు, దండించు అని అర్థాలు. దిద్దే పుస్తకం శాస్త్రం, అది చదివినాయన శాస్త్రి, దిద్దించుకునేవాడు శిష్యుడు, అందరూ వినాల్సిన ఆజ్ఞ శాసనం, మాట విననివాడికి జరిగేది శాస్తి. మన శాసనసభ కూడా ఈ కుటుంబంలోనిదే. తెలుగులో శాస్తికి ఒక ప్రత్యేకత గమనించారా, అది ఎప్పుడూ 'జరుగుతుంది', ఎవరు చేశారో వాక్యంలో ఉండదు. కోర్టు శాస్తి వేసింది అనం. బైకు మీద ఫుట్‌పాత్ ఎక్కి పోతున్నవాడు మ్యాన్‌హోల్లో పడితే శాస్తి జరిగింది అంటాం. పైగా అది అనేటప్పుడు అనేవాడి మొహంలో చిన్న సంతోషం ఉంటుంది, యాతన అన్నప్పుడు అది ఉండదు. నన్నడిగితే రెండిటికీ అసలు తేడా అదే.

దండం అంటే కర్ర. కర్రతో కొడితే దండన, కర్రలాగా నిటారుగా నేల మీద పడితే దండప్రణామం, అదే అరిగి అరిగి నిలబడి చేతులు జోడించే దండం అయింది. కట్టాల్సిన జరిమానా దండుగ, కట్టినవాడికి అది ఊరికే పోయిన డబ్బే కదా, అందుకే ఏది వృథా అయినా దండగ అంటున్నాం. రాజుకి అది ఆదాయం, మనకి దండగ, భాష కట్టినవాడి వైపే నిలబడింది. ఇలాంటిదే తప్పు అన్న మాట కూడా, ఊరి పంచాయితీల్లో 'తప్పు కట్టించారు' అంటే జరిమానా కట్టించారని, నేరానికీ దాని ఖరీదుకీ ఒకటే పేరు. జరిమానా కూడా అంతే, పార్సీలో జుర్మ్ అంటే నేరం, దాన్నుంచే జుర్మానా.

ప్రశ్న: మా పిల్లలు ప్రతిదానికీ "టార్చర్ పెట్టకు" అంటారు. హోంవర్క్ టార్చర్, అమ్మమ్మ ఫోన్ టార్చర్, నెట్ స్లో అయితే టార్చర్. దీనికి మంచి తెలుగు మాట చెప్పండి, అలవాటు చేస్తాను.

జవాబు: చెప్తా గానీ అలవాటవుతుందని గ్యారెంటీ లేదు. ముందు ఒక విషయం, పిల్లలు చేస్తున్న పని కొత్తదేం కాదు. మనం "ట్రాఫిక్‌లో నరకయాతన" అనట్లేదా? యముడి కుంభీపాకాన్ని తెచ్చి సిగ్నల్ దగ్గర పెట్టినవాళ్ళం, పిల్లలు టార్చర్‌ని హోంవర్క్ దగ్గర పెట్టారని ఏం అంటాం. పెద్ద మాటని చిన్న నొప్పికి వాడటం మనుషుల అలవాటు, వాడగా వాడగా అది అరుగుతుంది, ఇంకో పెద్ద మాట తెచ్చుకుంటాం.

మంచి తెలుగు మాట అంటే 'తిప్పలు' ఉంది, 'ఎందుకు తిప్పలు పెడతావ్' అని. తమాషా ఏంటంటే టార్చర్ అన్న మాటకి లాటిన్ మూలం మెలితిప్పడం, మన తిప్పలు కూడా తిప్పు నుంచే. ఇంకా పాట్లు, అగచాట్లు, ఇక్కట్లు, తంటాలు, ముప్పుతిప్పలు, తెలంగాణలో గోస, అరిగోస, ఎక్కువైతే మూడు చెరువుల నీళ్ళు తాగించడం. వీటిలో చాలావాటిని మనం బహువచనంలోనే వాడతాం చూశారా, ఒక తిప్ప, ఒక అగచాటు అని ఎవరూ అనరు. శిక్ష ఒకటే ఉంటుంది, ఇన్నేళ్ళు అని రాసి ఉంటుంది, ఒక రోజు అయిపోతుంది. తిప్పలు అలా కాదు, ఒకటి పోతే ఒకటి వస్తుంది, అందుకని ఏకవచనానికి లొంగలేదు అనుకుంటా. ఇది నా ఊహ, వ్యాకరణం పుస్తకంలో వెతక్కండి.

ఒక చిన్న అభ్యర్థన మాత్రం ఉంది. అమ్మమ్మ ఫోన్‌కి మాత్రం టార్చర్ వద్దని చెప్పండి, తిప్పలు కూడా వద్దు. ఏ మాటా వాడకుండా ఫోనెత్తమనండి.

ప్రశ్న: అల్పపీడనం అని వాతావరణ వార్తల్లో వస్తుంది. అల్పంగా పీడించడం అనా? అల్పపీడనం వస్తేనే కదా ఎక్కువ పీడ?

జవాబు: పీడ్ అంటే నొక్కడం, అంతే. గాలి నొక్కుడు తగ్గితే అల్పపీడనం, చుట్టూ ఉన్న గాలి అటు పరిగెత్తుకొస్తుంది, మబ్బులూ వానా వెంట వస్తాయి. మనిషిని నొక్కితే పీడ, నిద్రలో గుండె మీద నొక్కినట్టుంటే పీడకల, రక్తనాళాల్లో రక్తం నొక్కుడు రక్తపీడనం. చేతిని నొక్కితే పాణిపీడనం, అంటే పెళ్ళి, అమరకోశంలో వివాహానికున్న పేర్లలో అదొకటి. శుభలేఖ మీద మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అచ్చు వేయించుకోగా నేను చూళ్ళేదు.